గోడ తిన్న మందు

పోయిన ఎండాకాలంలో ఎర్రవల్లిలో మా పాత ఇల్లు కూలగొట్టించాం. మట్టిగోడలు, పైన బెంగుళూరు పెంకులు, లోపల ఎప్పుడూ చల్లగా ఉండే నడిమింట్లో ఒక గుమ్మి. గోడలు ఎట్లాగూ మన్నులో కలిసిపోయాయి గానీ, టేకు దర్వాజ మాత్రం బాపు పడెయ్యనివ్వలేదు. దాన్ని కడిగి తుడుస్తుంటే పైకమ్మీ మీద పాత రంగుతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. డీడీటీ అనీ, పక్కన 2 అనీ, దాని కింద 8/76 అనీ.

అంటే 1976 ఆగస్టులో మలేరియా వాళ్ళొచ్చి రెండో విడత మందు కొట్టిపోయిన గుర్తన్నమాట. ఆ తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఖాకీ నిక్కర్లేసుకుని, బకెట్లో తెల్లటి మందు కలిపి, కాలితో అదిమిపట్టి చేత్తో కొట్టే స్టిరప్ పంపుతో గోడలన్నీ తడిపి, తలుపు మీద తారీఖు రాసి వెళ్ళిపోయేవాళ్ళు. ఇల్లంతా ఒక వారం పాటు అదో రకం వాసన.

బాపు ఆ రాతని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో నాకు తెలుసు.

అదే ఏడు కార్తీకంలో మా చిన్నత్త, అంటే బాపు చెల్లె, చలిజ్వరంతో పోయింది. పదకొండేళ్ళ పిల్ల. వేలు గుచ్చి అద్దం బిళ్ళ మీద రక్తం చుక్క తీసుకుపోయారట. మలేరియా అని జవాబొచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. అంతకు ముందు బతుకమ్మ పండుగకి మా నాయినమ్మ ఇల్లంతా అలికింది. ఎర్రమన్ను, పేడ కలిపి గోడలకి పూసి, కింద జాజు పట్టెలు దిద్దింది. మందు కొట్టిన గోడ అలకొద్దని మలేరియా వాళ్ళు చెప్పిపోయారు కదా, అలికినందుకే పిల్ల పోయిందని ఊళ్ళో ఎవరో అన్నారు. ఆ మాట నాయినమ్మ గుండెలో దిగబడిపోయింది. నాకు ఊహ తెలిశాక కూడా ఆమె నోట నాలుగైదు సార్లు విన్నాను. "నేను గోడ అలుకకపోతె పిల్ల బతుకు బిడ్డా." ఆమె పోయి పన్నెండేళ్ళయింది.

ఈ దర్వాజ చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. వృత్తిరీత్యా నేను బగ్గులు వెతుక్కునే మనిషిని. ఒక తప్పు జరిగితే అది ఎవరి లైన్లో జరిగిందో లాగు చూసి తేల్చుకోవడం అలవాటు. ఈ కేసులో లాగు లేదు. కానీ గోడకి కొట్టిన డీడీటీ ఏమవుతుంది అన్న ప్రశ్న మీద మాత్రం ప్రపంచంలో చాలామంది, చాలా ఏళ్ళు పని చేశారు. రెండు నెలలుగా అదే చదువుతున్నాను. చదివిందాన్ని ఇక్కడ పెడుతున్నాను.

(ఎర్రవల్లి అనగానే మీలో చాలామందికి ఒక ఫామ్‌హౌస్ గుర్తొస్తుందని తెలుసు. ఇది ఆ గొడవ కాదు. రాజకీయాల కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.)

సరే, మొదట్నుంచీ వద్దాం.

దోమకీ మలేరియాకీ ఉన్న లంకెని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. మా ఊరి నుంచి బస్సెక్కితే ఒక పూటలో వెళ్ళొచ్చేంత దూరం. కానీ దోమే కారణమని తెలిసినా, దాన్ని చంపే చవకైన సాధనం దొరకడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. డీడీటీని 1874లోనే జైడ్లర్ అనే రసాయన విద్యార్థి తయారుచేసి పక్కన పెట్టేశాడు. అది పురుగుల్ని చంపుతుందని 1939లో కనిపెట్టింది స్విట్జర్లాండులో పాల్ ముల్లర్. 1948లో ఆయనకి నోబెల్ వచ్చింది.

డీడీటీ గొప్పదనం చంపడంలో లేదు, మిగిలి ఉండటంలో ఉంది. గోడకి ఒకసారి కొడితే నెలల తరబడి అక్కడే కూర్చుంటుంది. రక్తం తాగి బరువెక్కిన దోమ ఎగరలేక దగ్గర్లోని గోడ మీద వాలుతుంది. కాళ్ళకి ఆ స్ఫటికాల పొడి అంటుకుంటుంది. చస్తుంది. అంటే మొత్తం పథకమంతా గోడ మీద ఆధారపడి ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

1947 నాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, ఎనిమిది లక్షల మంది పోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1954లో ప్రభుత్వం హిందుస్తాన్ ఇన్‌సెక్టిసైడ్స్ అనే కంపెనీ పెట్టి ఢిల్లీలో డీడీటీ తయారీకి దిగింది. 1958లో నియంత్రణ కాస్తా 'నిర్మూలన' అయింది. 1965 నాటికి దేశం మొత్తం మీద నమోదైన కేసులు లక్ష దాకా తగ్గాయి. ఏడున్నర కోట్ల నుంచి లక్షకి! దేశంలో ఇంత పెద్ద ప్రాజెక్టు ఇంత బాగా నడిచిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. డీడీటీని తిట్టేవాళ్ళు చాలామంది ఈ అంకె చెప్పకుండా తిడతారు. అది అన్యాయం.

ఇప్పుడు అసలు కథ. ఆ తెల్లటి మందులో ఏముంది?

ఫ్యాక్టరీలో తయారయ్యే డీడీటీ మైనంలాంటి గడ్డ. నీళ్ళలో కరగదు. పొడి చేద్దామని మరలో వేస్తే వేడికి మెత్తబడి అంటుకుపోతుంది. మన వంటింట్లోనూ ఉన్న సమస్యే ఇది. పల్లీలు ఒట్టిగా దంచితే నూనె కక్కి ముద్దవుతాయి. అందుకే గుప్పెడు పుట్నాలు కలిపి దంచుతాం, పొడి పొడిగా వస్తుంది. డీడీటీకి పుట్నాల స్థానంలో వాడింది మట్టిని. మెత్తటి బంకమట్టి ఖనిజాల్ని డీడీటీతో కలిపి మరపట్టేవారు. మట్టి రేణువులు ఆ మైనాన్ని తమ ఒంటికి పట్టించుకుని, ఒకదానికొకటి అంటుకోకుండా విడదీస్తాయి. దానికి తడిని పట్టే సబ్బులాంటి పదార్థం కొంచెం కలిపితే, నీళ్ళలో కలుపుకుని కొట్టుకునే పొడి తయారు. గోడలకి కొట్టడానికి మన దగ్గర ఎక్కువగా వాడింది 50 శాతం పొడి. అంటే సంచిలో సగం మందు, మిగతా సగంలో ఎక్కువ పాలు మట్టే. అంతకు ముందు, రెండో ప్రపంచ యుద్ధంలో నేపుల్స్ నగరంలో టైఫస్ ఆపడానికి జనం బట్టల్లోకి ఊదిన పేల పొడిలో అయితే పదో వంతే డీడీటీ, మిగతాది బలపం రాయిలాంటి మెత్తటి రాతిపొడి.

ఈ మట్టికి లేబుళ్ళ మీద పెట్టిన పేరు 'జడ పదార్థం'. ఏమీ చెయ్యదు, ఊరికే మోస్తుంది అని అర్థం. మా భాషలో చెప్పాలంటే కామెంటు లైను లాంటిది, ఉన్నా లేకపోయినా ప్రోగ్రాం అదే.

మట్టి విషయంలో ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి లేదు.

మట్టిలో అతి సన్నటి భాగాన్ని తీసి చూస్తే అది గుండ్రటి గింజల్లా ఉండదు, పుస్తకంలో కాగితాల్లా పలచటి పొరలుగా ఉంటుంది. పొరలు ఎంత పలచనైతే అంత ఎక్కువ ఉపరితలం. రేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లోనైట్ రకం ఒక్క గ్రాము తీసుకుని, నీళ్ళకి తెరుచుకునే లోపలి పొరలతో సహా పరిస్తే ఏడెనిమిది వందల చదరపు మీటర్లు వస్తుంది. గుంట అంటే నూటొక్క చదరపు మీటర్లు కదా. అంటే ఒక గ్రాము మట్టిలో ఏడెనిమిది గుంటల జాగా! ఎర్ర చెల్కల్లో ఎక్కువగా ఉండే కేయొలినైట్ పొరలు గట్టిగా అతుక్కుని ఉంటాయి కాబట్టి దానికి ఇంత లేదు, గ్రాముకి పది నుంచి ఇరవై చదరపు మీటర్లు. దానికి తోడు ఆ ఎరుపు రంగు ఇచ్చే ఇనుప ఆక్సైడులు సన్నటి పూతలా అంటుకుని ఉంటాయి. ఈ జాగా అంతా ఖాళీగా కూర్చోదు. పక్కకొచ్చిన అణువుల్ని పట్టుకుని ఒంటికి అంటించుకుంటుంది. ఇంటర్ కెమిస్ట్రీలో 'అధిశోషణం' అని బట్టీ పట్టాం గుర్తుందా? అదే ఇది. స్పాంజి నీళ్ళు పీల్చినట్టు లోపలికి తాగడం శోషణం. ఉపరితలానికి అంటించుకోవడం అధిశోషణం.

నేలకి ఈ గుణం ఉందని పాతకాలం వాళ్ళకీ తెలుసు. ఎరువులోని అమ్మోనియాని మట్టి పట్టి ఉంచుతుందని 1850లో ఇంగ్లండులో థామస్ వే అనే ఆయన ప్రయోగాలు చేసి చూపించాడు. 1934లో అమెరికాలో స్మిత్ అనే వ్యవసాయ రసాయనవేత్త పొగాకులోని నికొటిన్ని బెంటొనైట్ అనే బంకమట్టికి పట్టించవచ్చని చూపించాడు. ఊరికే ఆవిరైపోయే నికొటిన్ మట్టికి అంటుకుని నిలకడగా ఉండటంతో, ఆపిల్ తోటల్లో పురుగుమందుగా కూడా వాడారు. అంటే మట్టి మందుని పట్టుకుంటుంది అనేది ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. కానీ అందరూ సంచిలోని మట్టి గురించే ఆలోచించారు. గోడలోని మట్టి గురించి ఆలోచించలేదు.

ఇక్కడ కాసేపు మా ఇంటి గోడ లెక్క చూద్దాం. మన దేశంలో డీడీటీ కొట్టిన మోతాదు చదరపు మీటరుకి ఒక గ్రాము, ఏడాదికి రెండు విడతలు. చదరపు మీటరు గోడలో పైపైన ఒక్క మిల్లీమీటరు మందం మట్టి తీసుకుంటే ఒక లీటరు. బరువు సుమారు కిలోన్నర పైచిలుకు. అందులో పావు వంతు బంకమట్టి అనుకుంటే నాలుగు వందల గ్రాములు. గ్రాముకి తక్కువలో తక్కువ పది చదరపు మీటర్లు వేసుకున్నా నాలుగు వేల చదరపు మీటర్లు. అంటే ఒక ఎకరం!

ఒక గ్రాము మందు. ఎదురుగా ఎకరం జాగా. అదీ పైన ఒక్క మిల్లీమీటరులోనే.

సంచిలో కూడా మట్టే ఉంది కదా, అక్కడెందుకు మింగెయ్యలేదు అని మీరు అడగొచ్చు. నాకూ అదే అనుమానం వచ్చింది. సంచిలో కిలో మట్టికి కిలో మందు. మట్టి పట్టుకోగలిగినంత పట్టుకున్నా ఇంకా బోలెడు మిగిలి, స్ఫటికాలుగా బయటే ఉంటుంది. గోడ దగ్గర లెక్క తలకిందులవుతుంది. అక్కడ మందు తక్కువ, మట్టి అపారం. అదే మట్టి సంచిలో మోసేది, గోడలో మింగేది.

ఈ సంగతి మొదట బయటపడింది ఆఫ్రికాలో. యుగాండాలాంటి చోట్ల మట్టి ఇళ్ళలో మందు అనుకున్నన్ని రోజులు పనిచెయ్యడం లేదని గమనించారు. 1951లో హాడవే, బార్లో అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు ఎండిన మట్టి దిమ్మల మీద మందు స్ఫటికాలు చల్లి చూస్తే, కొన్నాళ్ళకి పైన ఉన్న పొడి మాయమవుతోంది. గాలికి పోలేదు. ఆవిరి అణువులుగా మట్టి రంధ్రాల్లోకి దూరి లోపలి ఉపరితలానికి అంటుకుపోయింది. గోడని తవ్వి పరీక్షిస్తే మందు ఉంది. కానీ దోమ కాలికి తగిలే చోట లేదు. బ్యాంకులో డబ్బుంది, ఏటీఎంలో నోట్లు లేవు. డీడీటీ కంటే తేలిగ్గా ఆవిరయ్యే బీహెచ్‌సీ (మన గమాక్సిన్) విషయంలో ఈ మాయం ఇంకా తొందరగా జరిగింది.

అదే 1951లో మెక్సికోలో డౌన్స్, బోర్దాస్, నవారో అనే ముగ్గురు అక్కడి పచ్చిఇటుక ఇళ్ళలో డీడీటీ ఎన్నాళ్ళు పనిచేస్తుందో చూశారు. కొన్ని రకాల మట్టి గోడల మీద చాలా తొందరగా చచ్చుబడిపోతోంది. తర్వాత వెతికితే తేలిందేమిటంటే, మట్టిలోని ఇనుము డీడీటీని విరగ్గొట్టి, దోమని చంపలేని వేరే పదార్థంగా మార్చేస్తోంది. ఇనుమున్న మట్టి అంటే ఏది? ఎర్రమట్టి.

ఇది చదివినప్పుడు కుర్చీలోంచి లేచి కాసేపు బాల్కనీలో తిరిగాను. మా ఊరి పేరులోనే ఎర్ర ఉంది. మా గోడ ఎర్రమట్టి. దాని మీద పూసేది ఎర్రమట్టి. అడుగున దిద్దే జాజు అయితే ఎరుపు కోసమే ఏరి తెచ్చుకునే మట్టి.

ఇంకో విచిత్రం ఉంది. గాలిలో తేమ పెరిగితే గోడ మింగిన మందులో కొంత తిరిగి పనికొస్తుందని కూడా హాడవే, బార్లో కనుక్కున్నారు. మట్టికి మందు కంటే నీళ్ళంటే ఇష్టం ఎక్కువ. నీటి అణువులు వస్తే జాగా వాళ్ళకిచ్చి మందుని బయటికి తోస్తుంది. అంటే వానాకాలంలో గోడ కాస్త దయ చూపిస్తుంది, వానలు వెనకబట్టి గాలి పొడిబారగానే మళ్ళీ మింగుతుంది. మా చిన్నత్త పోయింది కార్తీకంలో.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. దీన్నిబట్టి 'గోడ మింగింది కాబట్టే అత్త పోయింది' అనేస్తే నేను కూడా ఊళ్ళో అన్న ఆ మనిషిలాగే మాట్లాడినట్టు. అలికితే మందు కప్పబడిపోతుందన్నది నిజమే. పూత కింద ఉన్న స్ఫటికం దోమ కాలికి తగలదు. అలకొద్దని చెప్పడం తప్పు సలహా కాదు. ఆ సలహా ఎవరికి చెప్పారన్నదే నా ప్రశ్న. మా ఇంట్లో చెప్పింది తాతకి. ఆయన జన్మలో ఒక్కసారి కూడా గోడ అలికిన మనిషి కాదు. ఆడవాళ్ళకి బతుకమ్మకి ఇల్లు అలకకపోవడం అంటే ఇంట్లో ఎవరో పోయారని చాటుకోవడమే. మట్టిగోడకి ఏటా పూత పడకపోతే వానకి చెదిరిపోతుంది కూడా. పండుగలు ఏ నెలలో వస్తాయో చూసుకుని మందు తారీఖులు పెట్టుకోవడం కష్టమా, లేక లక్షల మంది ఆడవాళ్ళు అలకడం మానుకోవడం కష్టమా? సిస్టం కట్టేవాడు వాడేవాళ్ళ అలవాట్లని చూసి కట్టాలి. 'యూజర్ తప్పు' అనడం మా ఫీల్డులో కూడా చాలా తేలిక.

పైగా గోడ ఒక్కటే కాదు. మన పల్లెల్లో మలేరియా మోసే ప్రధానమైన దోమ అనోఫిలస్ క్యూలిసిఫేసిస్. అది డీడీటీకి లొంగడం మానేస్తోందని 1959లోనే గుజరాత్‌లో బయటపడింది. ఆ తర్వాత ఏళ్ళలో ఆ మొండితనం దేశమంతా పాకింది. మందు సరఫరా తగ్గింది, డబ్బు తగ్గింది, గెలిచేశామన్న ధీమా పెరిగింది. 1965లో లక్ష ఉన్న కేసులు 1976లో 64 లక్షలు దాటాయి. మా దర్వాజ మీద రాసి ఉన్న సంవత్సరం అదే. స్వతంత్ర భారతంలో మలేరియా తిరగబడిన ఘట్టానికి అది శిఖరం. ఆ 64 లక్షల ఇళ్ళలోనూ ఎవరో ఒకరు గోడ అలికి ఉంటారు. ఆ మరుసటి ఏడు, 1977లో, నిర్మూలన అనే మాట పక్కనపెట్టి సవరించిన ప్రణాళిక తెచ్చారు.

అదే 1976లో పక్క దేశంలో ఇంకో సంగతి జరిగింది. సంచిలోని 'జడ' మట్టి కథ అక్కడితో ముగిసింది కాబట్టి అది చెప్పకుండా ఉండలేను.

నిజానికి హెచ్చరిక చాలా ముందే వచ్చింది. 1960లో అమెరికాలో ఫోక్స్, బెనెసి, వాళ్ళ జట్టు ఒక పరిశోధన ప్రచురించారు. మట్టితో కలిపి మరపట్టిన పురుగుమందులు గోదాముల్లో ఎందుకు పాడవుతున్నాయన్నది వాళ్ళ ప్రశ్న. జవాబు, మట్టే పాడుచేస్తోంది. తడిగా ఉన్నప్పుడు సాధువులా కనిపించే బంకమట్టి, బాగా ఎండితే దాని ఉపరితలం మీద కొన్ని చోట్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పోల్చేంత ఆమ్లత్వం పుడుతుంది. ఆ చోట పడిన మందు అణువు విరిగిపోతుంది, లేదా రూపం మార్చుకుంటుంది. అలా మారిపోయేవాటిలో ఎండ్రిన్ ఒకటి. మన దగ్గర పురుగుమందులన్నిటికీ కలిపి వాడే పేరైపోయిన ఎండ్రిన్! (1990లో నిషేధించినా పేరు మాత్రం పోలేదు.) విరుగుడు కూడా వాళ్ళే చెప్పారు. మట్టి మీది ఆ ఆమ్లపు చోట్లని ముందే వేరేదానితో నింపెయ్యాలి. దానికి పనికొచ్చేవాటిలో ఒకటి యూరియా. రైతు ఇంట్లో పక్కపక్కనే ఉండే రెండు సంచులకి ఇట్లాంటి చుట్టరికం ఉందని ఎవరికి తెలుసు?

ఇప్పుడు 1976. దోమలు డీడీటీకి మొండికెయ్యడంతో పాకిస్తాన్ మలేరియా కార్యక్రమంలో మలాథియాన్ పొడి వాడటం మొదలుపెట్టారు. మలాథియాన్ మనుషులకి చాలావరకు ప్రమాదం తక్కువ, ఎందుకంటే మన ఒంట్లోని ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది. కానీ ఆ ఏడాది మందు కొట్టే సుమారు 7,500 మందిలో 2,800 మంది దాకా విషం సోకి పడిపోయారు. కనీసం ఐదుగురు చనిపోయారు. కారణం వెతికితే, పొడి వేడికి నిలవుండగా మలాథియాన్‌లో కొంత ఐసోమలాథియాన్ అనే రూపంలోకి మారింది. అణువులో అవే పరమాణువులు, కూర్పు మాత్రం వేరు. ఇది చేసే పని, మనల్ని కాపాడే ఆ ఎంజైమునే పడగొట్టడం. కాపలావాడిని కట్టేసి ఇంట్లోకి దొంగని పంపినట్టు. వేడితో పాటు ఆ పొడిలో కలిపిన 'జడ' పదార్థాలకీ ఈ మార్పులో చెయ్యి ఉంది. 1978లో 'లాన్సెట్' పత్రికలో ఇదంతా వచ్చింది. ఆ తర్వాత మలాథియాన్ పొడిలో ఐసోమలాథియాన్ ఎంత మించకూడదో హద్దు పెట్టారు.

ఇలాంటి పొడుల్ని అమ్మేముందు 54 డిగ్రీల వేడిలో 14 రోజులు ఉంచి చూసే పరీక్ష ఒకటుంది. మా స్ట్రెస్ టెస్టు లాంటిదే. అందులో పరీక్షించేది మందునే కాదు, దాన్ని మోస్తున్న మట్టిని కూడా. కామెంటు లైను అనుకున్నది రన్ అవుతోందని ఒప్పుకున్నట్టే కదా!

నేను చదివినదాంట్లో నాకు అర్థమైంది ఇంతే. డీడీటీని తయారుచేసినవాళ్ళూ, కొట్టించినవాళ్ళూ తెలివితక్కువవాళ్ళు కాదు. వాళ్ళు కోట్ల మంది ప్రాణాలు నిలబెట్టారు. కానీ వాళ్ళ లెక్కలో దోమ ఉంది, మందు ఉంది, మనిషి ఉన్నాడు. మట్టి లేదు. సంచిలో ఉన్నదాన్ని జడం అన్నారు, గోడలో ఉన్నదాన్ని గోడ అన్నారు. శాస్త్రవేత్తలు 1951లోనే 'గోడ మింగుతోంది' అని రాసినా, ఆ మాట ఎర్రవల్లి దాకా రాలేదు. వచ్చిందల్లా 'అలకొద్దు' అనే ఒక్క ముక్క. ఆ ముక్క వెనక ఉన్న తప్పంతా చివరికి ఎవరి నెత్తిన పడిందంటే, పండుగకి ఇల్లు శుభ్రం చేసుకున్న ఒక తల్లి నెత్తిన.

మన పూర్వీకులకి అన్నీ తెలుసు, మట్టిలోనే మహత్యం ఉంది అనే బ్యాచి దీన్ని చదివి సంబరపడక్కర్లేదు. మట్టికి మహత్యమూ లేదు, ద్వేషమూ లేదు. దానికి జాగా ఉంది, దగ్గరకొచ్చినదాన్ని పట్టుకుంటుంది. అంతే. ఆ సంగతి లెక్కలో వేసుకోవాల్సింది మనం.

పోయిన ఆదివారం ఇదంతా బాపుకి చెప్పాను. ఎకరం లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన వ్యవసాయం చేసినవాడు, గుంటల్లో చెప్తే వెంటనే పట్టాడు. ఆగస్టులో కొట్టిన మందు, పండుగ నాటికి నెలన్నర దాటింది. ఎర్రమట్టి గోడ. మందుకి లొంగని దోమ. మన ఇల్లొక్కటే కాదు, పక్కిళ్ళూ, పశువుల కొట్టాలూ. నాయినమ్మ అలకకపోయినా అత్త బతికేదని ఎవరూ చెప్పలేరు, అన్నాను.

"గీ ముచ్చట అమ్మ ఉన్నప్పుడు చెప్పకపోతివి," అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను ఈ ప్రశ్న అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా 'ఊకో నాయినమ్మా' అని లేచిపోయేవాణ్ణి.

దర్వాజని కొత్తింట్లో పూజగదికి పెట్టిస్తున్నాం. వడ్రంగి రందా పట్టి పాత రాత చెక్కేస్తానన్నాడు. వద్దన్నాం. మీ ఊళ్ళల్లో పాత తలుపుల మీద ఇట్లాంటి రాతలు ఇంకా ఉంటే ఒకసారి ఆ ఇంటి పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో, ఎవరిని ఎవరు తప్పుపట్టుకున్నారో. వాళ్ళు ఉండగానే అడగండి.